ఆయ్దక్కి లక్కమ్మ కొలత



కల్యాణ పట్టణమున బసవేశ్వరుని కాలమున ఆయ్దక్కి మారయ్య యను శరణుడుండెను. నేలరాలిన బియ్యపు గింజల నేరి తెచ్చుట ఆయన కాయకము. ఆయన ధర్మపత్ని లక్కమ్మ ఆ బియ్యముతో వంటచేసి జంగమ దాసోహము నడుపుచుండెను. ఒకనాడు మారయ్య ప్రతిదినము తెచ్చుదానికంటె కొంత ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి సంతసింపలేదు. ఈ ఎక్కువ ఎందులకని భర్తను ప్రశ్నించెను. నేటి దాసోహమునకు వలసినంత మాత్రమే చాలునని, మిగిలినదానిని తెచ్చిన చోటనే విడిచి రమ్మని చెప్పెను. మారయ్య ఆమె మాటను శిరసావహించెను.

ఈ కథను మఠములలో విన్నవారందరును లక్కమ్మకు ఆశ లేకుండుటను కొనియాడుదురు. అది యుక్తమే. కాని ఈ కథయందు సులభముగా కంటబడని విశేషము మరియొకటి కలదు. లక్కమ్మ ప్రతిదినము బియ్యమును కొలిచెడిది. నిన్న ఎంత వచ్చినది, నేడు ఎంత వచ్చినది, దాసోహమునకు ఎంత పట్టినది యను లెక్క ఆమె మనస్సునందుండెను. ఆ కొలత లేకున్నచో నాటి బియ్యము ఎక్కువయని ఆమెకు తెలియుటకు మార్గమే లేదు. శరణులు అరివు అని చెప్పిన ఎరుక ధ్యానమందిరముననే గాక వంటయింటి చేటలో గూడ ఉండవలెనని ఆ తల్లి చూపినది.

నేటి గృహములలో ఈ కొలతకు చిక్కని వ్యయమొకటి మెల్లగా ప్రవేశించినది. అది ఇంటింట టెలివిజనునందును, చేతిలోని ఫోనునందును చిత్రములను, ధారావాహికలను చూపు ఓటీటీ సంస్థల చందా. అది పెద్ద వ్యయమని ఎవరును తలంపరు. చిన్నదగుటచేతనే అది కొలతకు చిక్కుట లేదు.

ఈ విషయమున పూర్వస్థితిని స్మరించుట మంచిది. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఉపగ్రహము ద్వారా గ్రామములకు టెలివిజను చూపు ప్రయోగమొకటి దేశమున జరిగినది. ఆంధ్రప్రదేశముతో కలిపి ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములు అందు పాల్గొన్నవి. ఊరికొక పెట్టె, దాని ముందు ఊరివారందరును. హైదరాబాదున దూరదర్శన్ కేంద్రము 1977లో ప్రారంభమైనది. ఆ దినములలో సొంత టెలివిజను కలవారు తపాలా కార్యాలయమునకు నడచిపోయి, ఏటేట లైసెన్సు రుసుము తమ చేతితో చెల్లించి వచ్చెడివారు. 1980 దశకమున ఆ రుసుము రద్దయినది. రుసుము ఉన్నంతకాలము, తాను దేనికి ఎంత చెల్లించుచున్నాడో చెల్లించువానికి తెలిసియుండెను.

ఇప్పటి చందాల తీరు వేరు. అమెజాన్ ప్రైమ్ 2016 జూలైలో భారతదేశమునకు వచ్చినప్పుడు ప్రారంభపు చందా ఏడాదికి 499 రూపాయలు. పిదప అది 999 రూపాయలైనది. 2021 డిసెంబరులో 1,499 రూపాయలైనది. నెలవారీ చందా 129 నుండి 179కి, 2023 ఏప్రిలులో 299కి పెరిగినది. అందు వస్తువుల సత్వర సరఫరా మొదలగు సౌకర్యములును కలసియున్న మాట నిజమే. 2025 జూన్ నుండి చిత్రముల నడుమ వాణిజ్య ప్రకటనలు ప్రవేశించినవి. అవి వలదనువారికి ఏడాదికి మరి 699 రూపాయల రుసుము నిర్ణయింపబడినది. నెట్‌ఫ్లిక్స్ సంస్థ ఇందుకు భిన్నముగా 2021 డిసెంబరులో భారతదేశమున తన వెలలను తగ్గించి, 499 రూపాయల నెలచందాను 199 చేసినది. కాని 2023 జూలైలో ఒక ఇంటి చందాపై వేరొక ఇంటివారు చూచుటను నిరోధించినది. వేరు కాపురములుండి ఒకే చందాతో సరిపెట్టుకొన్న అన్నదమ్ములకు రెండవ చందా వచ్చిపడినది. నిర్మాత అల్లు అరవింద్ ప్రభృతులు తెలుగువారి కొరకే 2020లో ప్రారంభించిన ఆహా తొలిచందా ఏడాదికి 365 రూపాయలు. దినమునకు ఒక్క రూపాయి! ఒక్క రూపాయికి ఎవరు వెనుదీయుదురు?

ఒక చిత్రము ఒక సంస్థయందును, మరియొక చిత్రము వేరొక సంస్థయందును ఉండుటచే ఒక చందాతో ఇల్లు తృప్తిపడదు. పైన చెప్పిన వెలలలో రెండింటినే కూడినను, ఏడాది చందా 1,499, నెలకు 199 చొప్పున పండ్రెండు నెలలకు 2,388, వెరసి 3,887 రూపాయలగును. ప్రకటనలు తొలగించుకొన్నచో 4,586. ఆహా, క్రికెట్టు ఆటలు చూపు చందా మొదలగునవి ఇందు చేరలేదు. ఇంటర్‌నెట్టు వెలయును చేరలేదు. ఈ మొత్తమును ఒక్కసారి చేతినుండి లెక్కపెట్టి ఇయ్యవలసివచ్చినచో అనేకులు ఆలోచింతురు. అది నెలనెలా బ్యాంకు ఖాతానుండి తనంతట తాను పోవుచుండుటచే ఆలోచన కవకాశమే కలుగుట లేదు.

షేక్‌పేట మండలమునందలి ఫిల్మ్‌నగరు ఈ చిత్రములకు పుట్టినిల్లు. తెలుగు చలనచిత్ర వాణిజ్యమండలి అచ్చటనే కలదు. స్టూడియోలు, నిర్మాతల కార్యాలయములు ఆ కొండలపై వెలసినవి. ఆ కొండల దిగువనున్న బస్తీలలో చిత్రములకు శ్రమించు కార్మికులు నివసింతురు. అట్టి బస్తీలో లైటుమాన్ పనిచేయు ఒక వీరశైవ గృహస్థుని ఉదాహరణముగా గైకొనవచ్చును. ఆయనది దినకూలి. ప్రాతఃకాలమున లింగపూజ ముగించి పనికి పోవును. బరువైన దీపములను మోయును, పైకెక్కించును, నటుని ముఖముపై వెలుగు నిలుపును. ఇంట భార్య, ఇద్దరు పిల్లలు, మంచము పట్టిన తల్లి కలరు.

2025 ఆగస్టులో తెలుగు చలనచిత్ర కార్మికుల సమాఖ్య 30 శాతము వేతనము పెంచవలెనని కోరి షూటింగులను నిలిపివేసినది. సుమారు 18 దినములు పనులు సాగలేదు. తుదకు ప్రభుత్వ మధ్యవర్తిత్వమున దశలవారీ పెంపునకు ఒప్పందము కుదిరినది. ఆ 18 దినములు మన గృహస్థునివంటి వారికి కూలి లేదు. బియ్యము అప్పుగా వచ్చినది, పాలు తగ్గినవి. ఆ నడుమ ఒక సాయంకాలము ఆయన ఫోనునకు బ్యాంకునుండి సందేశము వచ్చినది. పిల్లలు ఎప్పుడో ఒక చిత్రము కొరకు మొదలుపెట్టించి, పిదప అందరును మరచిపోయిన చందాసొమ్ము ఖాతానుండి వెడలిపోయినది. చిత్రములు తీయుటకు శ్రమించువానికి కూలి నిలిచినది గాని, చిత్రములు చూచుటకైన చందా నిలువలేదు!

ఆయనకు కోపము వచ్చుట సహజము. అప్పుడే ఒక స్నేహితుడు, "చందాలెందుకు? కొత్త చిత్రములన్నియు ఊరకే చూపు దొంగచోట్లు ఇంటర్‌నెట్టులో కలవు" అని ఒక చిరునామా చెప్పినాడు. వెలలు పెంచినవారికి ఇదే తగిన శాస్తియనియు అన్నాడు. గృహస్థుడు ఆ చిరునామా తెరవబోవగా భార్య ఆపినది.

"ఏమండీ, ఆ చిత్రములోని వెలుగు ఎవరిది? మీవంటివారు మోసిన దీపములదే గదా! మీ దీపమును మీరే దొంగిలించి చూచెదరా?"

గృహస్థుడు ఫోను క్రింద పెట్టినాడు.

ఈ ప్రశ్నయందే ధర్మనిర్ణయము కలదు. బసవేశ్వరుని బోధయందు దొంగతనము తొలి నిషేధములలోనిది. దొంగిలించువాడు పేదయా, వస్తువుగలవాడు ధనికుడా యను భేదమును బట్టి ఆ నిషేధము సడలదు. వెల ఎక్కువయైనచో కొనకుండుట గృహస్థుని స్వాతంత్ర్యము. కొనకుండ తెచ్చుకొనుట అపహరణము. దొంగప్రతులచే నష్టము నిర్మాతకే గాక లైటుమానునకు, వడ్రంగికి, దుస్తులు కుట్టువానికి, నృత్యకారిణికిని తగులును. పెట్టుబడి తిరిగిరాని చోట రేపటి చిత్రము ఆగును; రేపటి కూలియు ఆగును. 2025 నవంబరులో ఇట్టి దొంగచోటు నడపినాడను అభియోగముపై హైదరాబాదు పోలీసులు ఒకనిని నిర్బంధించినారు. చట్టము తనపని తాను చేయును. చూచువాని కాయకశుద్ధి మాత్రము చూచువాని చేతిలోనిదే.

వినోదమే వీరశైవునకు తగదని కొందరు పెద్దలు వాదింపవచ్చును. శరణుల చరిత్ర ఆ వాదమును బలపరచదు. కల్యాణపు శరణులలో బహురూపి చౌడయ్య వేషములు ధరించి ఆడుటనే కాయకముగా గలవాడు. కిన్నర బ్రహ్మయ్య కిన్నెర మీటి శివుని కొలిచినవాడు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును సామాన్యజనులు పాడుకొనుటకు అనువైన ద్విపదలో రచించినాడు. కళ కాయకమైన చోట దానిని ఆదరించుట దాసోహములో భాగమే. చౌడయ్య ఆటకు తగిన ప్రతిఫలమిచ్చి చూచువాడు తప్పుచేయుట లేదు. ఇంటనున్న వృద్ధురాలు మంచముపైనుండి ఒక పౌరాణిక చిత్రము చూచి ఊరట చెందుటయు తప్పు కాదు. ఆమె చందాను ముందుగా నిలిపి, తన చందాను నిలుపుకొన్న కుమారుడు ఏమి పొదుపు చేసినట్లు?

కావున ప్రశ్న చందా కట్టుట, మానుట కాదు. కొలత ఉన్నదా లేదా యనునదే ప్రశ్న. షేక్‌పేటలో కుతుబ్‌షాహీల కాలపు సరాయి ఒకటి నేటికిని నిలిచియున్నది. దూరప్రయాణము చేయు బాటసారులకు విశ్రాంతి నిచ్చుటకై కట్టినది. బాటసారి అందు దిగును, అలసట తీర్చుకొనును, తెల్లవారగనే మూటగట్టుకొని పోవును. విడిచిన సరాయికి జీవితాంతము అద్దె కట్టు బాటసారి ఉండడు. నేటి గృహస్థుడు ఒక చిత్రము కొరకు ఒక సంస్థలో దిగును. రెండు దినములలో చిత్రము ముగియును. అద్దె మాత్రము ఏండ్లు కట్టుచుండును. మూడు సరాయిలలో ఒకేమారు గదులు తీసికొని, మూడింటను లేకుండ ఇంట నిదురించువాని తీరిది. ఒక నెల ఒక చందా, అది చాలించిన పిదపనే వేరొకటి యను నియమము పెట్టుకొన్న ఇంట వెలలు పెరిగినను భారము పెరుగదు.

ఇందుకు ప్రభుత్వ నియమములును తోడ్పడుచున్నవి. 2021 అక్టోబరు నుండి అమలైన రిజర్వు బ్యాంకు నియమముల ప్రకారము, ఇట్లు తనంతట తాను పోవు చందాసొమ్మును తీయుటకు 24 గంటల ముందు ఖాతాదారునకు తెలియజేయవలెను. వలదనుకొన్నచో ఆపుటకు అవకాశమియ్యవలెను. ఆ సందేశము నేడు ఫోనునకు వచ్చు నూరు సందేశములలో కలసిపోవుచున్నది. చట్టము ఒక దినపు ఎచ్చరిక ఇచ్చినది. ఆ ఎచ్చరికను చదువు కన్ను గృహస్థునిదే కావలెను. లక్కమ్మకు ఎవరును ముందుగా తెలియజేయలేదు. ఆమె చేటలోకి తానే చూచినది.

సొమ్ముకంటె పెద్ద వ్యయము మరియొకటి కలదు. అది కాలము. ఏమి చూడవలెనో ఈ సంస్థలే సూచించును. "మీకిష్టమగునవి" అని వరుసలు తీర్చి తెరపై నిలుపును. ఆ సూచన వెనుక మనుష్యుని మాట లేదు, గణితమున్నది. నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2006లో, ప్రేక్షకుడు ఏ చిత్రమును ఎంత మెచ్చునో ముందుగా చెప్పు తన పద్ధతిని 10 శాతము మెరుగుపరచినవారికి 10 లక్షల డాలర్ల బహుమానము ప్రకటించినది. 2009లో ఒక బృందము దానిని గెలుచుకొన్నది. మనుష్యుని ఇష్టమును ముందుగా తెలిసికొనుట కంత విలువ! ఎవడు ఏది చూచెను, ఎక్కడ ఆపెను, దేనిని మరల చూచెను యను లెక్కలు గట్టి అట్టివే మరికొన్ని ముందు పెట్టుట ఆ యంత్రము పని. ఒక భాగము ముగియకమునుపే రెండవ భాగము తనంతట తాను మొదలగును. గృహస్థుడు తన బియ్యమును కొలుచుట మరచెను. యంత్రము గృహస్థుని కొలుచుట మరువలేదు.

వీరశైవునకు ఇష్టము అను మాట క్రొత్తది కాదు. గురువు దీక్షాకాలమున శిష్యుని కరస్థలమున నిలుపునది ఇష్టలింగము. శిష్యుడు దానిని అరచేత నిలిపి, రెప్పవేయక చూచి, మనస్సును అందు నిలుపును. నేడు ఆ అరచేతనే ఫోను కూర్చున్నది. దానినిగూడ మనుష్యుడు రెప్పవేయక చూచుచున్నాడు. రెంటిని చూచి లేచినవాని స్థితియే భేదమును చెప్పును. లింగమును చూచినవాడు పూజ ముగించి కాయకమునకు బయలుదేరును, ఎదుటివానిని గుర్తించును. అర్ధరాత్రి దాటువరకు తెరను చూచినవాడు ఉదయమున కాయకమునకు ఆలస్యముగా లేచును. ప్రక్కగదిలో తల్లి దగ్గినదో లేదో ఎరుగడు. గురువు సూచించిన ఇష్టము శిష్యుని మేలు కొరకు. యంత్రము సూచించిన ఇష్టము అతనిని తెరవద్ద నిలుపుట కొరకు. ఈ భేదము పిల్లలకు ఇంటిపెద్దలే చెప్పవలెను.

అనుభవమంటపమున అల్లమప్రభువు ఎదుట అక్కమహాదేవి నిలిచినప్పుడు ఆమెనుగూడ ప్రశ్నింపకుండ లోనికి ఆహ్వానింపలేదు. అంతటి మహాతల్లి ప్రశ్నలకు సమాధానములిచ్చి మంటపమున ప్రవేశించినది. అట్టి సంప్రదాయమున పుట్టినవారి ఇంటిలోనికి ఏ ధారావాహికయైనను, ఏ హింసాదృశ్యమైనను ప్రశ్నింపబడకుండ నడచివచ్చుట తగునా? ఏమి చూడవలెనో ఇంటివారు కలసి మాటలాడుకొన్నచో చాలును. మేనమామ మెచ్చిన చిత్రము, ఉపాధ్యాయుడు చెప్పిన కథ, పొరుగింటి అక్క చూచి కంటతడి పెట్టిన నాటకము ఇవియు సూచనలే. వాటి వెనుక ముఖములున్నవి. నచ్చకున్నచో మరునాడు వారిని అడుగవచ్చును.

ఆ లైటుమాన్ ఇంటి కథ ముగింపదగియున్నది. మరుసటి సోమవారము లింగపూజ పిదప భార్య బ్యాంకు పుస్తకమును, ఫోనును నడుమ పెట్టి అందరిని కూర్చుండబెట్టినది. మూడు ప్రశ్నలే అడిగినది. గడచిన నెలలో దీనిని ఎవరు చూచిరి? చూచినది మరునాడు గుర్తున్నదా? దీనికి పోయిన సొమ్ము ఎన్నిగంటల కాయకము? మూడు చందాలలో రెండింటిని పిల్లలే వలదనిరి. మిగిలినదొకటి, అవ్వ చూచు చిత్రములు అందున్నవి. భర్త, "ఇంత చిన్న సొమ్మునకు ఇంత సభ ఎందులకు?" అని నవ్వినాడు.

"మారయ్యగారు తెచ్చినవియు గింజలేనండీ" అని ఆమె బదులు చెప్పినది.

మిగిలిన సొమ్ము ఆ ఇంటిని ధనవంతము చేయలేదు. రెండునెలలకు అప్పు బియ్యము తీరినది. మూడవనెల అది దాసోహపు హుండీలో పడినది. తుమకూరు సిద్ధగంగామఠమున వేలాది విద్యార్థులు కులమతభేదము లేక ఉచితముగా భుజించి చదువుకొనుచున్నారు. 2019లో లింగైక్యము చెందిన శ్రీ శివకుమారస్వామివారు ఆ దాసోహమును తమ దీర్ఘజీవితమంతయు కాపాడినారు. అట్టి పెద్ద పొయ్యిలు పెద్దల దానములతో మాత్రమే మండలేదు. పిడికెడు పిడికెడుగా వచ్చిన ధాన్యముతోను మండినవి. మరచిపోయిన చందా యొకటి ఏడాదికి ఎంతయగునో అంత పిడికెడు ప్రతి ఇంటను కలదు.

మఠములు ఈ విషయమున మార్గము చూపవచ్చును. నెలకొకసారి ప్రవచనము ముగిసిన పిదప, కుటుంబములు కలసి చూడదగిన చిత్రములను గూర్చి పెద్దలు, పిల్లలు మాటలాడుకొను గోష్ఠి నడుపవచ్చును. తగిన అనుమతితో ఒక మంచి చిత్రమును మఠప్రాంగణముననే అందరికిని చూపవచ్చును. 1975లో ఊరికొక పెట్టె ముందు కూర్చుండిన వారికి చిత్రముతోపాటు పొరుగువాడును లభించినాడు. నేడు ఒక ఇంట నాలుగు తెరలు నాలుగు గదులలో వెలుగుచున్నవి. వాటి చందాలు మాత్రము ఒకే జేబునుండి పోవుచున్నవి.

వెలలు ఇంకను పెరుగవచ్చును. వాటిని తగ్గించుట గృహస్థుని వశమున లేదు. తన ఇంట వలసినదెంతయో తెలిసికొనుట అతని వశముననే కలదు. ఈ సాయంకాలము దీపము పెట్టిన వేళ ప్రతి ఇంటి లక్కమ్మయు ఒక్కమారు చేటలోకి చూచుగాక.